ముసలి ల్యాప్‌టాప్‌కు మళ్లీ ఉద్యోగం!

'ఈ కంప్యూటర్ కొత్త విండోస్‌కు పనికిరాదు...' తెర మీద ఈ మాట కనిపించగానే చాలామంది చేసే పని ఒక్కటే. ల్యాప్‌టాప్ మూసి అటకెక్కించడం. నిజానికి అందులో చెడిపోయింది ఏదీ లేదు. తెర వెలుగుతుంది. కీబోర్డు పలుకుతుంది. లేనిదల్లా కంపెనీ అండ! అది లేకుండానే ఆ పెట్టెను మరికొన్నేళ్లు నడిపించే దారి ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి ఊళ్లకు అదెంత అవసరమో చూద్దామా?

2025 అక్టోబరు 14. ఆ రోజు ప్రపంచంలో ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. పొద్దున్నే బటన్ నొక్కితే అన్నీ ఎప్పటిలాగే లేచాయి. కానీ ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. 2015 జులై 29న పుట్టిన ఈ విండోస్ పదేళ్ల పాటు ఇంటింటా కొలువు చేసింది. అలాంటిదాన్ని ఒక్కసారిగా పక్కన పెట్టేస్తే? 24 కోట్ల కంప్యూటర్లు చెత్త దారి పట్టే ప్రమాదం ఉందని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 డిసెంబరులోనే లెక్క కట్టింది.

కొత్తదానికి మారిపోవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది చిక్కు. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 తనతో పాటే కొన్ని షరతులూ తెచ్చింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ పైదో కావాలి. 2016, 2017లో కొన్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఆరో తరం, ఏడో తరం. అది ఐ5 కానివ్వండి, ఐ7 కానివ్వండి... గుమ్మం దగ్గరే ఆపేస్తుంది!

దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే చిట్కాలూ ఉన్నాయి. అయితే అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీ ముందే చెప్పేసింది. ఇళ్లలో వాడే విండోస్ 10కు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కూడా ప్రకటించింది. అది కాస్త ఊపిరి పీల్చుకునే గడువు మాత్రమే. శాశ్వత పరిష్కారం కాదు.

అండ పోతే ఏమవుతుంది?

ఇంటి తాళం చెడిపోలేదు. కానీ దానికి మారు తాళంచెవి చేసే కిటుకు దొంగలకు తెలిసిపోయింది. తాళం మార్చే మనిషేమో ఇక రానన్నాడు. మద్దతు లేని ఆపరేటింగ్ సిస్టమ్ పరిస్థితి సరిగ్గా ఇదే. లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చే వాళ్లే ఉండరు.

2017 మేలో 'వానాక్రై' అనే వైరస్ ప్రపంచాన్ని వణికించింది. కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విశేషమేమిటంటే ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. మరి మందే రాని కంప్యూటర్ సంగతి?

నలభై వేలు ఎక్కడి నుంచి వస్తాయి?

పెద్ద నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇది చిన్న సమస్యే. కొత్తది కొనుక్కుంటాడు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు లెక్క వేరు. గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని వీధి ఇక్కడ అరుదు. సెలవులకు వచ్చే నాన్న సూట్‌కేసులో వచ్చిన ల్యాప్‌టాప్ అంటే అది వస్తువు కాదు, ఎడారిలో కొన్ని నెలల చెమట. సిరిసిల్లలో సాంచల మీద కూలి డబ్బుతో, బీడీలు చుట్టగా మిగిల్చిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే ఇక చెప్పేదేముంది! ఇంట్లో ఒక్కటే ఉంటుంది. అన్న బీటెక్ అయిపోతే తమ్ముడికి, తర్వాత చెల్లికి.

చదువులేమో కంప్యూటర్ లేకుండా సాగవు. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2007 నుంచీ ఉంది. సిరిసిల్లకూ జేఎన్‌టీయూ కళాశాల వచ్చింది. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్, ఆన్‌లైన్ దరఖాస్తు... ప్రతిదానికీ ల్యాప్‌టాప్ కావాల్సిందే. కొత్తది కొనాలంటే ముప్పై, నలభై వేలు. అందుకే ఎవరో ఫార్మాట్ కొట్టి ఎక్కించిన దొంగ విండోస్‌తోనే చాలామంది నెట్టుకొస్తారు. దాని వెంట ఇంకేం లోపలికి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ కంప్యూటర్లోనే బ్యాంకు పాస్‌వర్డులు, సర్టిఫికెట్లు, ఇంటి ఫొటోలు!

దీనికి ఉన్న మరో దారి పేరే లినక్స్.

జేబులోనే పెంగ్విన్

లినక్స్ అనగానే 'అది ఇంజినీర్లది, మనకెందుకు' అంటారు చాలామంది. ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతున్నారా? అయితే లినక్స్ మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీదే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచీ అన్నీ దాంతోనే నడుస్తున్నాయి.

దీని వెనక కథ ఆసక్తిగా ఉంటుంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' ప్రాజెక్టు ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు... ఇదీ ఆయన వాదం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ సరదాగా ఓ కెర్నెల్ రాయడం మొదలుపెట్టాడు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. అప్పటికాయన వయసు 21. ఈ రెండూ కలిశాక డెబియన్, ఉబుంటు, మింట్ లాంటి రకరకాల 'డిస్ట్రో'లు పుట్టుకొచ్చాయి. బియ్యం ఒకటే. వండే తీరు వేరు!

తెలుగువాళ్లూ వెనకబడలేదు. హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో మెనూలుండే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 2005 ప్రాంతం నుంచే పనిచేసింది. విద్యార్థులు, ఉద్యోగులు స్వచ్ఛందంగా కూర్చుని ఒక్కో మాటనూ తెలుగులోకి తెచ్చారు. పొరుగున కేరళ అయితే ఏకంగా ప్రభుత్వ బడుల కంప్యూటర్లను లినక్స్ బాట పట్టించింది. 2019 నాటికే అక్కడి బడుల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్ల కోసం ప్రత్యేకంగా డిస్ట్రో సిద్ధమైంది. పదో తరగతి పిల్లలు హాయిగా వాడేదాన్ని పెద్దవాళ్లు కష్టమనుకుంటే ఎలా?

సిరిసిల్లకు కొత్త కాదు

ఒక సంగతి తెలుసా? కంప్యూటర్‌కు తాతముత్తాతల వరసలో ఓ మగ్గం ఉంది! 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ చిల్లుల అట్టలతో డిజైన్ నేసే యంత్రాన్ని తయారుచేశాడు. అట్ట మారిస్తే పువ్వు మారుతుంది. మగ్గం మాత్రం అదే. ఆ చిల్లుల అట్టల ఆలోచననే తర్వాత ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం ఊహలో వాడుకున్నాడు.

ఈ కిటుకు సిరిసిల్లకు కొట్టిన పిండి. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు మామూలు బట్ట నేసే సాంచలకే డాబీలు, జకార్డులు బిగించుకుని చీరల అంచులు నేశారు. సాంచ పాతదైందని ఏ ఆసామీ దాన్ని తుక్కుకు వేయడు. అరిగిన భాగం మారుస్తాడు, నూనె పోస్తాడు, కొత్త పని నేర్పిస్తాడు. ల్యాప్‌టాప్‌కు లినక్స్ ఎక్కించడమూ అలాంటిదే. యంత్రం అదే. నడిపించే డిజైనే కొత్తది.

ముందు నాడి చూడండి

అయితే ప్రతి పాత పెట్టెకూ ఈ వైద్యం కుదరదు. ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, ప్రాసెసర్ 64 బిట్‌దా, 32 బిట్‌దా? 64 అయితే బెంగ లేదు. 32 అయితే దారులు మూసుకుపోతున్నాయి. అంతకాలం అండగా ఉన్న డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

రెండు, ర్యామ్ ఎంత? లినక్స్ మింట్‌కు కనీసం 2 జీబీ చాలంటారు కానీ 4 ఉంటేనే సుఖం. పది ట్యాబ్‌లు తెరిచి కూర్చునే అలవాటుంటే 8 కావాలి.

మూడు, హార్డ్‌డిస్క్. ల్యాప్‌టాప్ నత్తనడకకు చాలాసార్లు అసలు దోషి ఇదే. గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్క్ తీసేసి రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెడితే అదే పెట్టె పరుగులు తీస్తుంది. ఖర్చు పెట్టగలిగేది ఒక్కదాని మీదే అయితే... ముందు దీని మీద పెట్టడం మేలు.

ముందు పెళ్లిచూపులు!

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇది. ఎక్కించకుండానే వాడి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. మంచి నెట్ ఉన్నచోట డిస్ట్రో సొంత వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌వో ఫైలును దించుకోవాలి. దాన్ని రూఫస్ లేదా బెలీనా ఎచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే పనిచేయదు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త!

ఆ తర్వాత పెన్‌డ్రైవ్ గుచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ బటన్ నొక్కాలి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9 లేదా ఎస్కేప్. ఆసుస్‌లో ఎస్కేప్. అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే లినక్స్ తెర ప్రత్యక్షమవుతుంది. మీరుగా 'ఇన్‌స్టాల్' నొక్కి ముందుకు వెళ్లనంత వరకూ లోపలి విండోస్ పదిలమే.

ఇక చూపులు మొదలు. వైఫై కలుస్తోందా? పాట పెడితే వినిపిస్తోందా? కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు పెంచే బటన్లు పనిచేస్తున్నాయా? మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా? ఇంట్లో ప్రింటర్ ఉంటే ఓ కాగితం వస్తోందా? అన్నిటికీ అవునంటే సంబంధం ఖాయం చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది. దాన్ని చూసి తీర్పు చెప్పేయకండి.

ఎక్కువగా పేచీ పెట్టేది వైఫై. బ్రాడ్‌కామ్ చిప్పున్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకు డ్రైవర్ విడిగా వేయాలి. దానికి నెట్ కావాలి. నెట్‌కేమో వైఫై కావాలి! ఈ ముడి విప్పడం తేలికే. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేస్తే ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కు అందుతుంది. డ్రైవర్ దిగిపోతుంది.

ఎక్కించే రోజు

ముహూర్తం అక్కర్లేదు కానీ కరెంటు మాత్రం చూసుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ దాదాపు పోయి ఉంటుంది. సగంలో కరెంటు పోతే ఎక్కిందీ ఎక్కనిదీ కాకుండా మిగులుతుంది. ఇన్వర్టర్ ఉంటే దాని ప్లగ్గులోనే ఛార్జర్ పెట్టండి.

అంతకంటే ముఖ్యం- ఫైళ్లు. ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు ఏవీ వదలకుండా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని, అవి అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

ఇన్‌స్టాలర్ ఓ చోట రెండు దారులు చూపిస్తుంది. విండోస్ పక్కనే లినక్స్ పెట్టుకోవడం ఒకటి. మొత్తం తుడిచేసి లినక్స్ ఒక్కటే ఉంచుకోవడం రెండోది. డిస్క్‌లో చోటుండి, విండోస్‌తో ఇంకా పని ఉంటే మొదటిది మంచిది. అప్పుడు విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆపేయడం మరవొద్దు. రెండోది నొక్కితే పాతదేదీ మిగలదు. ఒకటికి రెండుసార్లు ఆలోచించి నొక్కాల్సిన బటన్ అదొక్కటే. ఎస్‌ఎస్‌డీ ఉంటే తతంగమంతా చాలావరకు అరగంటలో ముగుస్తుంది.

రోజువారీ పనులకు కొరత ఉండదు. నెట్‌కు ఫైర్‌ఫాక్స్, ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్, సినిమాకు వీఎల్‌సీ, ఫొటోలకు గింప్... అన్నీ ఉచితమే. ఇంజినీరింగ్ పిల్లలకైతే ఇది వరం. సీ, పైథాన్, జావా చక్కగా నడుస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో నేర్చుకునే ఆదేశాలను ఇంట్లోనే సాధన చేయొచ్చు. వ్యవసాయ, పశువైద్య విద్యార్థులు పరిశోధన లెక్కలకు వాడే 'ఆర్' కూడా ఉచితంగా దొరుకుతుంది.

తెలుగు మాటేమిటి?

నిశ్చింతగా ఉండండి. యూనికోడ్ తెలుగు లినక్స్‌లో హాయిగా కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడుతూ తెలుగు రాబట్టే పద్ధతీ ఉంది. తిరుమల కృష్ణదేశికాచారి రూపొందించిన పోతన, వేమన లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లనూ వేసుకోవచ్చు.

చిక్కంతా డీటీపీ సెంటర్లకే. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు... ఏళ్ల తరబడి చేసిన పనంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటుంది. అవి యూనికోడ్‌కు ముందుకాలం ఫాంట్లు. వాటితో కొట్టిన ఫైలును మరోచోట తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఇలాంటి దుకాణాలు పాత విండోస్ కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టే ఉంచుకుని దాని నెట్ వైరు పీకేయడం తెలివైన పని. మెయిల్, వాట్సప్, బ్యాంకు పనులకు లినక్స్ ఎక్కించిన మరో పెట్టె వాడుకోవచ్చు. అయితే కస్టమర్ తెచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందు ఆ రెండో పెట్టెలో తెరిచి చూడటం మరవొద్దు. నెట్ లేకున్నా వైరస్‌కు అదో దారే!

వీళ్లు తొందరపడొద్దు

షాపు లెక్కలన్నీ ట్యాలీలో రాసేవాళ్లు, సివిల్ డ్రాయింగులకు ఆటోక్యాడ్ వాడేవాళ్లు ఆగి ఆలోచించాలి. ఇవి విండోస్‌ను నమ్ముకున్న సాఫ్ట్‌వేర్లు. 'వైన్' అనే ఉపాయంతో కొన్ని విండోస్ ప్రోగ్రామ్‌లు లినక్స్‌లో నడుస్తాయి. అన్నీ నడవవు. సంపాదన దాని మీదే ఆధారపడితే ప్రయోగాలు వద్దు. మీసేవ కేంద్రాల్లో వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకం డాంగిల్ వాడేవాళ్లు ఆ పరికరాల కంపెనీని ముందే అడిగి తెలుసుకోవాలి. పరీక్షలు, ఇంటర్వ్యూలకు కొన్ని సంస్థలు తమ ప్రత్యేక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే ఉండాలంటాయి. క్యాంపస్ నియామకాల ఏడాదిలో ఉన్న విద్యార్థి ఇది చూసుకోకుండా విండోస్ తుడిచేస్తే పరీక్ష రోజు చేతులు నలుపుకోవాల్సిందే.

మరో మాట. లినక్స్ ఎక్కించాం కదా అని నిశ్చింతగా నిద్రపోకూడదు. అప్‌డేట్లు దీనికీ వేయాలి. మింట్ 22 వరుసకు 2029 దాకా మద్దతు ఉంటుందని దాని తయారీదారులు ప్రకటించారు. ఆ తర్వాత కొత్త వెర్షన్‌కు మారాలి. దానికీ డబ్బు కట్టక్కర్లేదు.

ఏ పెట్టెకు ఏది?

- 4 జీబీ, ఆ పైన ర్యామ్, 64 బిట్: లినక్స్ మింట్. విండోస్ అలవాటున్నవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది.
- 2 నుంచి 4 జీబీ: మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, లేదా లుబుంటు.
- 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే: ఉబుంటు కూడా ధీమాగా నడుస్తుంది.
- వెబ్ తప్ప మరేమీ వాడనివాళ్లకు: గూగుల్ 2022లో తెచ్చిన క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ మరో దారి. దీనికి గూగుల్ ఖాతా ఉండాలి.

తుక్కా, తోడా?

2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పిన లెక్క ఇది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగతాదాంట్లో చాలావరకు ఎక్కడెక్కడో కాలి, కరిగి, నేలలోకీ నీళ్లలోకీ చేరుతుంది. బాగున్న ల్యాప్‌టాప్‌ను అయిదేళ్లు ఎక్కువ వాడుకోవడం ఆ కుప్పను కాస్తయినా తగ్గించడమే.

ఒక ల్యాప్‌టాప్ ఎప్పుడు ఆగిపోవాలో అమ్మిన కంపెనీ క్యాలెండర్ చూసి నిర్ణయించుకోనక్కర్లేదు. దాంతో ఏం పని చేస్తున్నామో, ఆ పని లినక్స్‌లో సాగుతుందో లేదో చూసుకుని ఇంటివాళ్లే నిర్ణయించుకోవచ్చు. ట్యాలీ నడిపే పెట్టెకు కుదరకపోవచ్చు. ఇంటర్ చదివే అమ్మాయి పాఠాలు వినే పెట్టెకు కుదరకపోవడానికి కారణమే లేదు. ఆ అమ్మాయికి కొత్త ల్యాప్‌టాప్ కోసం దాచిన నలభై వేలు కాలేజీ ఫీజుకో, హాస్టల్‌కో మిగిలితే... అంతకంటే మంచి అప్‌డేట్ ఏముంటుంది!